సీపీఆర్ సిమ్యులేషన్ ట్రైనింగ్ నిజంగా పని చేసిందా? తేల్చుకోడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి

మెడికల్ స్టూడెంట్స్‌కి రిససిటేషన్ ట్రైనింగ్, అంటే గుండె ఆగినవాళ్ళని బతికించే సీపీఆర్ లాంటి పనులు బొమ్మ మీద నిజంలా నడిపి నేర్పడం, మొదలుపెట్టిన ప్రతిచోటా ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది, ఇంతకీ ఇది పని చేస్తోందా అని. అప్పుడు మనలో చాలామందిమి చేసేది ఒకటే, కోర్సు అయిపోగానే ఒక ఫీడ్‌బ్యాక్ ఫామ్ చేతిలో పెడతాం, పిల్లలు సంతోషంగా 5కి 5 వేసేస్తారు, మనమూ సంతోషంగా రిపోర్ట్ రాసేస్తాం. నేనూ మొదటి రెండు బ్యాచ్‌లకి అదే చేశాను. మూడో బ్యాచ్‌కి మాత్రం ఎందుకో అనుమానం వచ్చి, కోర్సు అయిన రెండు నెలలకి కొంతమందిని పిలిచి, ముందు ఏమీ చెప్పకుండా, మనిషి ఆకారంలో ఉండే ప్రాక్టీస్ బొమ్మ ముందు కూర్చోబెట్టి "పేషెంట్ స్పృహలో లేడు, మొదలుపెట్టండి" అన్నాను. ఫామ్‌లో "పూర్తి నమ్మకం ఉంది" అని టిక్ పెట్టిన పిల్లలే పల్స్ వెతుకుతూ అరనిమిషం కూర్చున్నారు, కంప్రెషన్ (ఛాతీ నొక్కడం) లోతు చూస్తే చాలామందికి 4 సెంటీమీటర్లు కూడా దాటలేదు. ఆ రోజు నిజంగా భయమేసింది, ఎందుకంటే వీళ్ళు రేపు వార్డులో ఉండేవాళ్ళు.

అందుకే ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి అన్నదానికంటే, అది పని చేసిందో లేదో ఎలా కొలవాలి అన్న ఎంపిక గురించే ఎక్కువ రాస్తున్నా. చేతిలో ఉన్న దారులు చాలానే ఉన్నాయి గానీ అన్నీ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పవు.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఆ రిజల్ట్ చేతికొచ్చాక మీరు ఏం చెయ్యబోతున్నారు? కోర్సు ఉంచాలా తీసెయ్యాలా అని చూస్తున్నారా, రెండు రకాల ట్రైనింగ్‌లలో ఏది మంచిదో చూస్తున్నారా, లేక ఫలానా స్టూడెంట్‌ని వార్డులోకి పంపొచ్చా అని చూస్తున్నారా? ఈ మూడూ వేరు వేరు పనులు. మూడోదానికి ఒక్కో మనిషి మార్కు నమ్మదగినదై ఉండాలి, అంటే ఎగ్జామినర్ మారినా మార్కు మారకూడదు. రెండోదానికి గ్రూపుల మధ్య తేడా కనపడితే చాలు. ఇది తేల్చుకోకుండా చెక్‌లిస్ట్ తయారుచెయ్యడం మొదలెడితే ఆరు నెలల తర్వాత డేటా ఉంటుంది గానీ దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఇప్పుడు ఏం కొలవాలి అన్నదానికొద్దాం. ట్రైనింగ్ ఎంత పని చేసిందో కొలవడానికి కర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లు ఈ ఫీల్డ్‌లో అందరూ వాడేవే: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, చివరికి ఫలితం మారిందా. మన విషయంలో చివరి మెట్టంటే పేషెంట్ బతకడం.

నచ్చిందా అన్న ఫామ్ పనికిరాదని నేననను. టీచర్ అవమానించేలా మాట్లాడాడా, గ్రూపులో ఒక్కడే అన్నీ చేసి మిగతావాళ్ళు గోడకి ఆనుకున్నారా, డీబ్రీఫింగ్‌కి (అయ్యాక కూర్చుని జరిగింది చర్చించుకోవడానికి) టైం చాలలేదా, ఇలాంటివి ఫామ్‌లోనే బయటపడతాయి. కానీ "మీకు ఇప్పుడు ఎంత నమ్మకం ఉంది" అన్న ప్రశ్నని స్కిల్‌కి బదులుగా వాడకండి. నమ్మకం దాదాపు ప్రతి కోర్సు తర్వాతా పెరుగుతుంది, చెయ్యి మాత్రం దాని వెంట రావాలని రూలేం లేదు.

ఎమ్‌సీక్యూ పరీక్ష పెట్టడం తేలిక, దిద్దడమూ తేలికే. గుండె ఏ రిదమ్‌లో (లయలో) ఉంటే షాక్ ఇవ్వాలి, అడ్రినలిన్ 1 మిల్లీగ్రామ్ ప్రతి 3 నుంచి 5 నిమిషాలకి, ఇలాంటివి తెలుసో లేదో చెప్తుంది. కాకపోతే అడ్రినలిన్ డోసు తెలిసినవాడు ఆ గందరగోళంలో టైం చూసుకుని రెండో డోసు అడుగుతాడా అన్నది పేపరు మీద తేలదు. ముందే చదివించి రమ్మన్నది చదివారా లేదా చూడ్డానికి దీన్ని వాడుకోండి, అంతవరకే.

అసలు పోటీ ఉన్నది మూడింటి మధ్య: ఎగ్జామినర్ చెక్‌లిస్ట్, బొమ్మలోని సెన్సార్ ఇచ్చే అంకెలు, టీం వర్క్ రేటింగ్.

చెక్‌లిస్ట్ అందరికీ అలవాటైనదే, కానీ దాంట్లో ఒక ప్రమాదం ఉంది. 24 పాయింట్ల చెక్‌లిస్ట్‌లో ఒక స్టూడెంట్ గ్లవ్స్ వేసుకున్నాడు, సీన్ సేఫ్టీ చూశాడు, పేరు పెట్టి పిలిచాడు, హెల్ప్ అడిగాడు, ఆక్సిజన్ పెట్టాడు, ఇలా 21 వచ్చాయి, కానీ వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌లో (గుండె వణుకుతూ రక్తం పంపలేని రిదమ్) షాక్ ఇవ్వడానికి 5 నిమిషాలు తీసుకున్నాడు. ఇంకో అమ్మాయి గ్లవ్స్ మర్చిపోయింది, పరిచయం చేసుకోలేదు, 16 వచ్చాయి, కానీ కంప్రెషన్ 10 సెకన్లలో మొదలైంది, షాక్ నిమిషంన్నరలో పడింది. మీ పేషెంట్ దగ్గరికి ఎవర్ని పంపుతారు? చెక్‌లిస్ట్ మొదటివాడిని పంపమంటుంది. అందుకని చెక్‌లిస్ట్ వాడేటట్టయితే కొన్ని పాయింట్లని తప్పనిసరి చెయ్యండి, అవి పోతే మిగతా ఎన్ని వచ్చినా ఫెయిలే. వాటితోపాటు టైం రాయండి. కుప్పకూలడం నుంచి మొదటి కంప్రెషన్‌కి ఎన్ని సెకన్లు, రిదమ్ కనపడ్డప్పటి నుంచి మొదటి షాక్‌కి ఎన్ని సెకన్లు. స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కాలో ముందే రాసి పెట్టుకోండి, ఒక ఎగ్జామినర్ తలుపు తీసినప్పటి నుంచి, ఇంకొకరు పల్స్ లేదని చెప్పినప్పటి నుంచి లెక్కేస్తే ఆ సెకన్లకి అర్థమే ఉండదు.

ఇద్దరు ఎగ్జామినర్లు విడివిడిగా మార్కులేసి, ఇద్దరికీ ఎంత కలుస్తోందో చూడకుండా ఆ మార్కులతో ఏమీ తేల్చకండి. వీడియో తీసి, ఏ స్టూడెంట్ ఏ గ్రూపో తెలియనివాళ్ళతో మార్కులు వేయించగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే మనం కష్టపడి ట్రైనింగ్ ఇచ్చిన పిల్లలకి మనకి తెలియకుండానే చెయ్యి కొంచెం వదులుతాం. నేను అలా వదిలాను కాబట్టే చెప్తున్నా.

సెన్సార్ అంకెలకి ఈ ఇబ్బంది లేదు. నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు, లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకుండా, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రావాలి, ఆపితే 10 సెకన్లు మించకూడదు, మొత్తం టైంలో కనీసం 60 శాతం కంప్రెషన్ నడుస్తూ ఉండాలి. ఇవన్నీ బొమ్మే కొలిచి ఇస్తుంది, ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండవు. అందుకే బేసిక్ లైఫ్ సపోర్ట్ (కంప్రెషన్, ఊపిరి ఇవ్వడం లాంటి మొదటి పనులు) స్కిల్ వరకు నా ఓటు దీనికే. కాకపోతే సగటు రేటు చూసి మోసపోకండి. మొదటి నిమిషం 90, రెండో నిమిషం 140 కొట్టినవాడి సగటు 115 వస్తుంది, చూడ్డానికి చక్కగా ఉంటుంది, కానీ వాడు ఒక్క నిమిషం కూడా సరైన రేటులో కొట్టలేదు. కాబట్టి సగటు వదిలేసి, మొత్తం కంప్రెషన్లలో ఎన్ని శాతం సరైన రేటులోనూ సరైన లోతులోనూ ఉన్నాయో తీసుకోండి. అలాగే పరీక్షప్పుడు స్క్రీన్ స్టూడెంట్‌కి కనపడకూడదు, స్క్రీన్ చూస్తూ సరిచేసుకుంటే అది కొలత అవ్వదు, ప్రాక్టీస్ అవుతుంది. ఒక కంపెనీ బొమ్మ మీద వచ్చిన లోతుని ఇంకో కంపెనీ బొమ్మతో పోల్చకండి, లోపలి స్ప్రింగ్ గట్టితనం వేరు, బాగా వాడిన బొమ్మకి స్ప్రింగ్ కూడా మెత్తబడుతుంది. ఛాతీ మీద పెట్టే ఫీడ్‌బ్యాక్ పరికరం వాడుతుంటే బొమ్మని నేల మీదో గట్టి బల్ల మీదో పెట్టండి, మెత్తటి పరుపు మీద పెడితే పరుపు దిగడం కూడా ఛాతీ లోతులో కలిసిపోయి ఎక్కువ చూపిస్తుంది.

కానీ సెన్సార్‌కి తెలియనిది ఒకటుంది, అక్కడ టీం ఎలా నడిచిందన్నది. లీడర్ ఎవరో తెలియని గదిలో నలుగురు మంచి కంప్రెషన్లు కొట్టేవాళ్ళున్నా కోడ్ (గుండె ఆగిన పేషెంట్ దగ్గర టీం అంతా కలిసి చేసే ఎమర్జెన్సీ పని) గందరగోళమే. దీనికి టీమ్ (TEAM) అనే పేరుతో 11 అంశాల రేటింగ్ స్కేల్ ఉంది, ఒక్కోదానికి 0 నుంచి 4, చివర్లో మొత్తం పనితీరుకి 10కి ఒక మార్కు. లీడర్‌షిప్, టీం వర్క్, పని సర్దుబాటు, మూడూ వస్తాయి. చిన్నది కాబట్టి లైవ్‌లోనే వెయ్యొచ్చు. దీనికీ ఎగ్జామినర్‌కి ముందు ట్రైనింగ్ కావాలి. ఇంకోటి, మార్కు టీంకి వస్తుంది, మనిషికి కాదు, కాబట్టి దీన్ని చూసి ఫలానా స్టూడెంట్ పాస్ అని రాయకూడదు.

కర్క్‌పాట్రిక్ చెప్పిన చివరి రెండు మెట్లు, అంటే నిజం పేషెంట్ దగ్గర ఏం జరిగిందన్నది, స్టూడెంట్స్ విషయంలో దాదాపు అందదు, వాళ్ళు కోడ్ నడపరు కదా. రెసిడెంట్స్ (ఎంబీబీఎస్ తర్వాత హాస్పిటల్‌లో ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లు) మీద మాత్రం మంచి ఉదాహరణ ఉంది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ప్రచురించిన స్టడీలో నిజంగా జరిగిన కార్డియాక్ అరెస్ట్‌ల (గుండె ఆగిపోయిన కేసుల) రికార్డులు తీసి చూస్తే, సిమ్యులేటర్ మీద ట్రైనింగ్ అయిన రెసిడెంట్లు గైడ్‌లైన్‌ని సగటున 68 శాతం పాటించారు, పాత పద్ధతిలో నేర్చుకున్నవాళ్ళు 44 శాతం. పేషెంట్లు బతకడంలో మాత్రం తేడా తేలలేదు. అంటే సిమ్యులేషన్ పనికిరాదని కాదు, అరెస్ట్ తర్వాత బతకడం అన్నది వయసు, జబ్బు, ఎవరైనా చూస్తుండగా పడిపోయాడా లేదా ఇలా సవాలక్ష విషయాల మీద ఉంటుంది, చిన్న స్టడీలో తేడా పట్టడం చాలా కష్టం. ఒక బ్యాచ్‌కి ట్రైనింగ్ ఇచ్చి హాస్పిటల్ సర్వైవల్ పెరిగిందో లేదో చూపిస్తామని ఎవరైనా ప్రపోజల్ రాస్తే నేనైతే ఆపమనే చెప్తాను.

ఎప్పుడు కొలవాలి? నన్నడిగితే ఏం కొలవాలి అన్నదానికంటే ఇదే పెద్ద విషయం, కానీ దీని గురించే తక్కువ ఆలోచిస్తాం. కోర్సు చివరి గంటలో పెట్టే టెస్ట్ పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికి గుర్తుందా అని మాత్రమే చెప్తుంది. సీపీఆర్ స్కిల్ 3 నుంచి 6 నెలల్లోనే బాగా జారిపోతుందని ఎన్నో స్టడీల్లో కనపడింది, సర్టిఫికెట్ కార్డు మీద మాత్రం 2 ఏళ్ళు అని ఉంటుంది. ఈ తేడా చూసే ఇప్పుడు మూడు నెలలకోసారి కొద్ది నిమిషాలు ప్రాక్టీస్ చేయించే పద్ధతులు వచ్చాయి. కాబట్టి మీకు ఒక్క టెస్ట్‌కే టైం, మనుషులు ఉంటే, కోర్సు చివర పెట్టకుండా 3 నెలల తర్వాత పెట్టండి. రెండిటికీ ఉంటే రెండూ పెట్టండి, మధ్యలో ఎంత జారిందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, చివర పెట్టే టెస్ట్ కూడా ట్రైనింగే. డెన్మార్క్‌లో మెడికల్ స్టూడెంట్స్ మీద 2009లో వచ్చిన స్టడీలో రెండు గ్రూపులకీ ఒకే మొత్తం టైం ఇచ్చారు, ఒకరికి చివరి అరగంట ఇంకా ప్రాక్టీస్, రెండోవాళ్ళకి ఆ అరగంట టెస్ట్. రెండు వారాల తర్వాత చూస్తే స్కిల్ టెస్ట్ ఉన్నవాళ్ళే మెరుగ్గా చేశారు. కాబట్టి రెండు ట్రైనింగ్‌లని పోల్చేటప్పుడు ఒక గ్రూపుకి మధ్యలో టెస్ట్ పెట్టి రెండోదానికి పెట్టకపోతే, వచ్చిన తేడా ట్రైనింగ్ వల్లనా టెస్ట్ వల్లనా అన్నది ఎప్పటికీ తెలియదు.

ఎవరితో పోల్చాలి అన్నది మూడో ఎంపిక. ఒకే గ్రూపుకి ముందూ తర్వాతా కొలవడం అందరికీ చేతనవుతుంది, తేడా కూడా దాదాపు ఎప్పుడూ వస్తుంది, కానీ ఆ మధ్యలో వాళ్ళకి ఎమర్జెన్సీ పోస్టింగ్ పడి ఉండొచ్చు, అదే సీనారియో (బొమ్మ మీద నడిపే కల్పిత కేసు) రెండోసారి చేశారు కాబట్టి అలవాటయ్యి ఉండొచ్చు. ఇక ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళని ఏమీ ఇవ్వనివాళ్ళతో పోల్చడం, దీనికి ఇప్పుడు మీ శ్రమ పెట్టకండి. 2011లో జామా జర్నల్‌లో వచ్చిన రివ్యూ 609 స్టడీలు కలిపి చూసింది, ఏమీ ఇవ్వకపోవడం కంటే సిమ్యులేషన్ స్కిల్‌లోనూ నాలెడ్జ్‌లోనూ స్పష్టంగా మెరుగని తేల్చింది. 2013లో రిససిటేషన్ మీదే ప్రత్యేకంగా వచ్చిన రివ్యూలో 182 స్టడీలున్నాయి, అదీ అదే దారి. ఆ ప్రశ్నకి జవాబు వచ్చేసింది. ఇప్పుడు అడగాల్సింది ఏ రకం సిమ్యులేషన్, ఎన్నిసార్లు, ఎవరు నేర్పితే అని.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఏంటంటే, బ్యాచ్‌ని లాటరీ వేసి రెండుగా చేసి, సగం మందికి ఇప్పుడు కొత్త పద్ధతి, మిగతా సగానికి పాత పద్ధతి, రీటెస్ట్ అయ్యాక వాళ్ళకీ కొత్తది. ఎవరికీ అన్యాయం జరగదు, పోలిక కూడా గట్టిగా ఉంటుంది. రోల్ నంబర్ ప్రకారం విడగొట్టకండి, మొదటి సగం ఫ్రెండ్స్ ఒకవైపు, రెండో సగం ఒకవైపు అయిపోతారు. హాస్టల్‌లో రూమ్మేట్స్ మాట్లాడుకుని సీనారియో ముందే తెలుసుకోవడం కూడా జరుగుతుంది, అందుకే ఒకే కష్టం ఉన్న రెండు మూడు సీనారియోలు రెడీగా పెట్టుకోండి. అయిదుగురి టీంకి ఒక మార్కు వేస్తే మీ దగ్గర ఉన్నది ఒక్క మార్కు, అయిదు కాదు, 60 మంది ఉన్నా 12 టీంలే. లెక్కలు చేసేటప్పుడు ఇది మర్చిపోయి పెద్ద తేడా వచ్చిందని రాసిన ప్రాజెక్ట్ రిపోర్టులు నా చేతికే వచ్చాయి.

సరే, ఇలా కొలవగలిగితే ఏ ట్రైనింగ్‌లని పోల్చి చూడటం విలువైన పని?

ఖరీదైన బొమ్మ, మామూలు బొమ్మ పోలికే అందరూ మొదట అడుగుతారు. కళ్ళు మూసి తెరిచే, ఊపిరి తీసే, మానిటర్‌లో రిదమ్ మారే బొమ్మ మీద పిల్లలకి ఆసక్తి ఎక్కువ, అది నిజమే. కానీ 2015లో లైఫ్ సపోర్ట్ కోర్సుల స్టడీలు కలిపి చూసిన రివ్యూలో, హై ఫిడెలిటీ బొమ్మ (పైన చెప్పిన ఖరీదైన రకం) వల్ల కోర్సు చివర్లో స్కిల్ కొంత మెరుగ్గా కనపడినా ఆ తర్వాత రోజుల్లో ఆ తేడా నిలబడలేదు. దీన్ని బట్టి చూస్తే కొత్త బొమ్మ కొనడానికి పెట్టే కష్టాన్ని ఉన్న బొమ్మ మీద ఇంకో రెండుసార్లు ప్రాక్టీస్ చేయించడంలో పెట్టడమే మేలు అని నా గట్టి అభిప్రాయం. లోతు, రేటు చూపించే సెన్సార్ మాత్రం తప్పకుండా కావాలి, కళ్ళు ఆర్పకపోయినా పర్లేదు. అడ్వాన్స్‌డ్ టీం సీనారియోలు నడిపేవాళ్ళకి రిదమ్ మారే మానిటర్ కావాలి, అది కూడా మామూలు బొమ్మ పక్కన ఒక ట్యాబ్లెట్‌లో చూపించొచ్చు.

ఆపి ఆపి చేయించడమా, చివర్లో డీబ్రీఫింగా అన్నది ఇంతకంటే ఆసక్తికరమైన పోలిక. మామూలుగా సీనారియో మొత్తం నడిచాక కూర్చోబెట్టి మాట్లాడతాం. ఇంకో పద్ధతిలో తప్పు జరిగిన క్షణంలోనే ఆపి, చెప్పి, వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చేయిస్తాం, సరిగ్గా వచ్చేదాకా. దీన్ని ర్యాపిడ్ సైకిల్ డెలిబరేట్ ప్రాక్టీస్ అంటారు, జాన్స్ హాప్కిన్స్‌లో పీడియాట్రిక్ రెసిడెంట్స్ మీద 2014లో వచ్చిన స్టడీతో బాగా పేరొచ్చింది. మొదటి 5 నిమిషాల పనులకి, అంటే కంప్రెషన్ మొదలుపెట్టడం, షాక్ ముందు విరామం తగ్గించడం, ఇలాంటివాటికి స్టూడెంట్స్‌కి ఇది బాగా సరిపోతుంది, ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది చేతికి అలవాటు పడటం. అరెస్ట్ ఎందుకొచ్చింది, రక్తంలో పొటాషియం తేడానా, టెన్షన్ న్యూమోథొరాక్సా (ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తినీ గుండెనీ నొక్కెయ్యడమా) అని ఆలోచించే దశకి వస్తే మాత్రం మధ్యలో ఆపితే ఆలోచన తెగిపోతుంది, అక్కడ చివర్లో డీబ్రీఫింగే మంచిది.

నేర్పేవాళ్ళు తక్కువైతే సీనియర్ స్టూడెంట్స్‌ని వాడుకోవడానికి భయపడకండి. బర్మింగ్‌హామ్ నుంచి 2002లో వచ్చిన ర్యాండమైజ్డ్ స్టడీలో సీనియర్ స్టూడెంట్స్ దగ్గర బేసిక్ లైఫ్ సపోర్ట్ నేర్చుకున్నవాళ్ళు వెనకబడలేదు. వీఆర్ హెడ్‌సెట్ సంగతి, వరస గుర్తుపెట్టుకోడానికి ఓకే, కానీ చేతి కింద ఛాతీ దిగిన స్పర్శ దాంట్లో రాదు, కాబట్టి బొమ్మకి బదులుగా వద్దు, తోడుగా అయితే సరే.

ఇక ఎవరికి ఏది అని సూటిగా చెప్పేస్తాను. ఒక్కరే ఉన్నారు, ఒకటే సెన్సార్ బొమ్మ ఉంది అంటే, ఫామ్ రెండు ప్రశ్నలకి కుదించండి, 3 నెలలకి రెండు నిమిషాల కంప్రెషన్ టెస్ట్, స్క్రీన్ ఆఫ్, సరైన కంప్రెషన్ల శాతం ఒక్కటే రాయండి. దీనికి మనిషికి 5 నిమిషాలు కూడా పట్టదు. సెన్సార్ బొమ్మ లేదు, మనుషులున్నారు అంటే, తప్పనిసరి పాయింట్లున్న చిన్న చెక్‌లిస్ట్, రెండు టైములు, ఇద్దరు ఎగ్జామినర్లు. స్టూడెంట్స్‌ని వార్డుకి పంపే ముందు పాస్ ఫెయిల్ తేల్చాలంటే, పాస్ మార్కు ముందే కట్టి, రానివాళ్ళకి అక్కడే ప్రాక్టీస్ ఇచ్చి మళ్ళీ టెస్ట్, అందరూ దాటేదాకా. కొందరికి ఒక్కసారి చాలు, కొందరికి నాలుగు కావాలి, ఈ నాలుగు అన్నదాన్ని తప్పుగా చూడకండి, అది మనకి కావాల్సిన సమాచారమే. రెండు పద్ధతులు పోల్చి పేపర్ రాద్దామనుకుంటే లాటరీ, ఎవరు ఏ గ్రూపో తెలియని ఎగ్జామినర్లు, లేటు రీటెస్ట్, ఈ మూడూ ఉండాల్సిందే, ఏ ఒక్కటి కుదరకపోయినా మొదలుపెట్టకముందే ప్లాన్ మార్చుకోండి.

రీటెస్ట్ ఉందని స్టూడెంట్స్‌కి ముందే చెప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. పూర్తిగా దాచిపెట్టి హఠాత్తుగా పిలిస్తే, నేను మూడో బ్యాచ్‌కి చేసినట్టు, నిజమైన స్థాయి కనపడుతుంది గానీ పిల్లలు మోసపోయామనుకుంటారు, ఆ రోజు ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. తేదీ చెప్పేస్తే ముందురోజు రాత్రి స్కిల్స్ ల్యాబ్ తాళం కోసం క్యూ కడతారు. ఇప్పుడు నేను కోర్సు మొదటి రోజే చెప్తున్నాను, మూడో నెలలో ఏదో ఒక రోజు పిలుస్తాం, ఏ రోజో చెప్పం, మార్కులు ఇంటర్నల్స్‌లో కలపం, తగ్గినవాళ్ళకి అక్కడే పది నిమిషాలు ప్రాక్టీస్ చేయించి పంపిస్తాం అని. ఇలా చెప్పినప్పటి నుంచి ఎవరూ మానెయ్యలేదు, కొంతమంది అయితే తమ అంకె ఎంతొచ్చిందో అడిగి రాసుకుని, పాతదానితో పోల్చి చూసుకుంటున్నారు.